వేరుశనగ గోళ్ళు

"ఆమె శాంతమూర్తి" అన్నాడాయన.

పోయిన నెల అనంతపురంలో, నేను ఒకప్పుడు టీచరుగా పనిచేసిన మిషన్ కాంపౌండులో, ఈమధ్య చనిపోయిన పాత పనివాళ్ళను తలుచుకునే ప్రార్థన పెట్టారు. పాస్టరుగారు కొత్తవారు. ఎవరో అందించిన పేర్లు వరసగా చదువుతూ, ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క మంచి మాట అతికిస్తూ పోయారు. వంటమనిషి వంతు వచ్చేసరికి, "ఆమె శాంతమూర్తి. నోరెత్తి మాట్లాడి ఎరుగదు. అణకువతో సేవ చేసి తృప్తిగా వెళ్ళిపోయింది" అన్నారు. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి బయటికి వచ్చేశాను. గుమ్మం దగ్గర నా చెప్పులు కనపడక ఇంకాస్త మండింది.

చచ్చిపోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాదే. కాదనను. కానీ ఆ మనిషికి లోకంలో సొంతమని చెప్పుకోడానికి ఉన్నది కోపం ఒక్కటే. దాన్ని కూడా లాగేసుకుని, కడిగి, తుడిచి, శాంతమని పేరు పెట్టి గోడకు తగిలిస్తే ఎలా ఊరుకోవడం? అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తే ఆ పేరు పక్కన మళ్ళీ శాంతమూర్తి అని చేర్చేవాళ్ళుంటారు.

ఆమె నోరెత్తి మాట్లాడకపోవడమా! పొద్దున మా మిషన్ నడిపే దొరసానమ్మ బంగళా వెనక వంటింట్లో పొయ్యి రాజేస్తూ మొదలుపెడితే, ఆ గొంతు అటు బోర్డింగు బడి దాకా, ఇటు గేటు దాకా వినపడేది. పొయ్యిని తిట్టేది. తడి కట్టెను తిట్టేది. మాడిన గిన్నెను పేరు పెట్టి తిట్టేది. పాలు తెచ్చినవాణ్ణి నీళ్ళు కలిపినందుకు తిట్టి, కలపకుండా తెచ్చినరోజు "ఏమప్పా, ఈ పొద్దు బావి ఎండిపోయిందా?" అని తిట్టేది. గంజి మిగిల్చినవాళ్ళనూ, ఆబగా తాగినవాళ్ళనూ, బాగుందని మెచ్చుకున్నవాళ్ళనూ తిట్టేది. కొంగు తీసి నడుముకు చెక్కిందంటే పెద్ద తిట్టు రాబోతున్నదని గుర్తు. అప్పుడు అందరం ఏదో పని ఉన్నట్టు తలా ఒక దిక్కు వెళ్ళిపోయేవాళ్ళం.

"నా నోరు మంచిది గాదు టీచరమ్మా, చెయ్యి మంచిది" అనేది నాతో. అది నిజం. బాగా కోపంగా ఉన్నరోజు కూరలో ఉప్పు తక్కువ వేసేది. కోపంలో చెయ్యి పొంగుతుందనీ, ఉప్పెక్కువైన కూరను ఎవరూ బాగు చెయ్యలేరనీ ఆమె లెక్క. అందుకని భోజనం చప్పగా ఉందంటే ఆ రోజు వంటింటివైపు పోకూడదని మాకు తెలిసేది.

నా మీద కొంచెం దయ ఉండేది. ఎందుకంటే ఆమె కూతురు నా క్లాసులో ఉండేది. బోర్డింగు పిల్లలు వంటింటికి రాకూడదన్నది కాంపౌండు నియమం, సొంత తల్లే అక్కడ వండుతున్నా సరే. గోడకు అటు తల్లి, ఇటు కూతురు. తిట్లన్నీ నా చేత పంపేది. "ఆ దయ్యానికి చెప్పు, జడ గట్టిగా ఏసుకోమను. లెక్కల్లో తగ్గిందంట, చెవులు మెలేస్తానని చెప్పు." నేను చెప్పేదాన్ని. ఆ పిల్ల నవ్వి, జడ విప్పి మళ్ళీ వేసుకునేది. ఆ పిల్ల నర్సు కావాలన్నది తల్లి కోరిక. ఆ కోరిక గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గేది, పక్కవాళ్ళకు వినపడితే చెడిపోతుందేమోనన్నట్టు. బోర్డింగులో ఆ పిల్లకు ఉచిత సీటు దొరసానమ్మే ఇచ్చింది.

దొరసానమ్మ చెడ్డది కాదు. నా బాధంతా అదే. చెడ్డదైతే తిట్టేసి మరిచిపోయేదాన్ని. కరువొచ్చిన ఏడు గేటు ముందు గంజి కేంద్రం పెట్టించింది ఆమే. మెడంతా ఎర్రగా కాలిపోతున్నా తనే ఎండలో నిలబడి గరిటె పట్టుకునేది. కాని ఆమెకు ఎదుటివాడి ఆకలి కనపడినంత బాగా ఎదుటివాడి మనసు కనపడేది కాదు.

అంతకుముందు ఒకసారి వంటమనిషి కూతురికి జ్వరం వచ్చింది. గోడ దూకినంత పని చేసి తల్లి లోపలికి పోయి, పిల్ల చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఎవరో చెప్పారు. దొరసానమ్మ ఆమెను బంగళా అరుగు మీద నిలబెట్టి, పనివాళ్ళందరి ముందూ, తన పుస్తకాల తెలుగులో బుద్ధి చెప్పింది: "దయ్యములు లేవు. దిష్టి లేదు. వాటిని నమ్ముట అజ్ఞానము, పాపము కూడ." ఆ రోజు మధ్యాహ్నం కూర చప్పగా ఉంది. ఆ వారమంతా చప్పగానే ఉంది.

కరువొచ్చిన ఆ ఏడు వానల్లేవు. వేసిన వేరుశనగ మొలకెత్తి మాడిపోయింది. ఊళ్ళకు ఊళ్ళు కరువు పనులకు రాళ్ళు కొట్టడానికి పోయాయి. కొన్ని ఊళ్ళలో వాంతిభేదులు కూడా తగిలాయి. మూడుదార్లు కలిసే చోటల్లా కుంకుమ నీళ్ళు కలిపిన అన్నం ముద్దలు, కాటుకతో కళ్ళు పెట్టిన పిండిబొమ్మలు. దయ్యానికి పెట్టిన తిండి అది. కడుపు ఎంత కాలుతున్నా ఆ దారిన పోయేవాడు దాన్ని దాటడు, తొక్కడు, వేలితో ముట్టడు.

ఆ అక్టోబరు చివరలోనే దొరసానమ్మకు విందు చెయ్యాలనిపించింది. చుట్టుపక్కల మిషన్లలో ఉన్న దొరల కుటుంబాలను పిలిచింది. వాళ్ళ దేశంలో ఆకులు రాలే కాలంలో దయ్యాల పండగ ఒకటుందట. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుంటారట. భోజనానికి ముందు నోట్లో వేసుకునే చిరుతిళ్ళన్నీ దయ్యాల ఆకారంలో, తెగిన వేళ్ళలా, పీకిన కళ్ళలా చేస్తారట. తన దేశపు పత్రిక ఒకటి తెచ్చి, రంగుల బొమ్మలు చూపించి, నన్ను పక్కన పెట్టుకుని వంటమనిషికి వివరించింది. దొరసానమ్మ వెళ్ళిపోయాక మేమిద్దరం ఆ బొమ్మల ముందు మిగిలాం.

"ఇవేంది టీచరమ్మా, వేళ్ళా?"

"వేళ్ళే అక్కా. దయ్యం వేళ్ళు."

"తినేదానికా?"

"తినేదానికే. నవ్వుకోడానికంట."

ఆమె చాలాసేపు ఆ బొమ్మల్ని చూసింది. "మొన్న పెద్దల అమావాస్యకు మా ఆయనకు ముద్ద పెడదామంటే వద్దనిరి. సచ్చినోళ్ళకు పెట్టేది సైతాను పని అనిరి. ఇప్పుడు సచ్చినోళ్ళనే తింటారంటనా?" అంది. కొంగు నడుముకు చెక్కింది. కాని తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు. నన్ను తిట్టి లాభం లేదు. పిండి తడిపింది.

చెప్పానుగా, ఆమె చెయ్యి మంచిది. ఎంత కోపమొచ్చినా పని చెడగొట్టేది కాదు. గోధుమపిండిలో వెన్న, జీలకర్ర, ఉప్పు వేసి పిసికి, చిన్న చిన్న కడ్డీలుగా చేసింది. ఎడమచెయ్యి ముందు పెట్టుకుని, దాన్ని చూస్తూ కణుపు దగ్గర కత్తితో గీతలు పెట్టింది. కొసన వేరుశనగ బద్ద నొక్కితే గోరైంది. మొదలు దగ్గర బీట్రూట్ రసం పూస్తే తెగిన రక్తమైంది. పైనా కిందా నిప్పులు పెట్టిన రేకు పెట్టెలో కాల్చి తీసేసరికి అవి అచ్చంగా కష్టపడ్డ మనుషుల వేళ్ళు. ఉడికించిన గుడ్లను కోసి, నడుమ మిరియం పెట్టి, వేపపుల్లతో ఎర్రటి నరాలు గీసింది. బంగాళాదుంప ముద్దలకు లవంగాలతో కళ్ళు పెడితే ముసుగు దయ్యాలయ్యాయి. ఖర్జూరాలకు వేయించిన సేమియా కాళ్ళు గుచ్చితే సాలీళ్ళయ్యాయి. ఒక్కొక్క వేలినీ పళ్ళెంలో పెట్టేటప్పుడు గోరును అవతలికి తిప్పి పెట్టడం చూశాను.

"ఏంటికక్కా అట్లా?"

"నన్నే చూపిస్తాండాయి" అంది.

విందు బ్రహ్మాండంగా జరిగింది. చెక్కిన గుమ్మడికాయల్లో దీపాలు పెట్టారు. దుప్పట్లు కప్పుకున్న దొరల పిల్లలు వేళ్ళు కొరికి కెవ్వున అరిచి పడీపడీ నవ్వారు. పిల్లలన్నాక నవ్వుతారు, వాళ్ళ మీద నాకేమీ లేదు. పెద్దలు వంటమనిషిని లోపలికి పిలిపించి చప్పట్లు కొట్టారు. ఆమె నిలబడి ఆ చప్పట్లు అయిపోయేదాకా చూసి, ఖాళీ పళ్ళాలు తీసుకుని వచ్చేసింది.

అంతటితో అయిపోయుంటే నేనూ మరిచిపోయేదాన్ని. ఒక డబ్బా నిండా వేళ్ళు మిగిలాయి. విందుకు వచ్చిన ఒక దొర దగ్గర కెమెరా ఉంది. మరునాడు మధ్యాహ్నం రైలుకు ఆయన వెళ్ళిపోతాడు. ఆ పొద్దున గంజి వరస కట్టగానే దొరసానమ్మ ఆ డబ్బా తెప్పించింది. వరసలో ఉన్న పిల్లలకు తలా ఒక వేలు ఇస్తారు. వాళ్ళు పట్టుకుని నవ్వుతారు. ఆయన ఫోటో తీస్తాడు. అది వాళ్ళ దేశంలో అచ్చవుతుంది. అది చూసి అక్కడివాళ్ళు ఇంకా గోధుమలు పంపిస్తారు. ఆమె ఆలోచన ఇది. ఇందులో దుర్మార్గం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే కష్టమే. కాని ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపమే.

వరసలో మొదట ఒక అవ్వ, ఆమె కొంగు పట్టుకుని ఒక చిన్నపిల్ల. దొరసానమ్మ వంగి, నవ్వుతూ, ఆ పిల్ల చేతిలో వేలు పెట్టింది. పిల్ల నోట్లో పెట్టుకోబోయింది. అవ్వ చూసింది. ఎర్రటి మొదలు, పగుళ్ళ కణుపు, గోరు. పిల్ల చేతి మీద ఒక్కటి కొట్టింది. వేలు మట్టిలో పడింది. "థూ, థూ" అని ఉమ్మి, పిల్లను చంకనేసుకుని, ఖాళీ ముంతతో వెనక్కి తిరిగింది. వెనకున్నవాళ్ళు మట్టిలో పడినదాన్ని చూశారు. "దిష్టి తీసింది మనకు పెడతాండారురా!" అని ఎవరో అన్నారు. వరస విరిగిపోయింది. నిన్నటి నుంచీ ఏమీ తినని మనుషులు, గంజి కాగు ఎదురుగా పొగలు కక్కుతుండగా, ముంతలు పట్టుకుని రోడ్డువైపు నడవడం మొదలుపెట్టారు.

దొరసానమ్మ "ఏమైనది? ఏమైనది?" అని నన్ను అడుగుతూనే ఉంది. నేను చెప్పేలోపలే వంటింటి వైపునుంచి ఆ గొంతు వచ్చింది.

"యాడికి పోతాండారు? నిలబడండి!"

నిలబడ్డారు. ఆ గొంతు వాళ్ళకు అలవాటు. రోజూ తిట్లు తిని గంజి తాగినవాళ్ళే. ఆమె వచ్చి డబ్బా లాక్కుంది. పెద్ద పళ్ళెం ఒకటి నేల మీద పడేసి వేళ్ళన్నీ అందులో కుమ్మరించింది. గొంతుక్కూచుని, చెంబు అడుగుతో పటపటా పగలగొట్టడం మొదలుపెట్టింది. గోళ్ళు ఎగిరి పడ్డాయి. నలుసులు చేసి, పిడికెడు తీసి, అందరూ చూస్తుండగా నోట్లో కుక్కుకుంది.

"గోధుమపిండి ఇది! నా చేతుల్తో నేను పిసికినా. ఎర్రది గడ్డ రసం. గోరనుకున్నది మన చెనిక్కాయ బద్ద. ఎవురి మీదా తిప్పింది గాదు, ఎవురికీ పెట్టింది గాదు. రాండి, ఏమ్మా అవ్వా, నువ్వు ముందు రా!"

బెల్లం తెమ్మని నన్ను అరిచింది. తెచ్చాను. ఆ పొడిలో బెల్లం కలిపి ఉండలు కట్టింది. వేలు లేదు, గోరు లేదు, ఉత్త ఉండ. అవ్వ వెనక్కి వచ్చింది. ఉండను వాసన చూసి, పిల్లకు పెట్టింది. ఒకరి వెనక ఒకరు మళ్ళీ వరస కట్టారు. కెమెరా దొర గడియారం చూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

గంజి పోయడం అయ్యాక దొరసానమ్మ ఆమె ముందుకొచ్చి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఎందుకు పాడు చేసితివి? ఆ చిత్రము చూచి మా జనులు ఎంత సహాయము పంపియుందురో నీకు తెలియునా?" అంది. వంటమనిషి చేతులు దులుపుకుని, కొంగు నడుముకు చెక్కింది.

"పంపమనమ్మా, వద్దన్లే. వీళ్ళ బొమ్మ తీసుకో. ఎండిన డొక్కలు తీసుకో, గంజి తాగేది తీసుకో. సచ్చినోళ్ళ వేళ్ళు చేతిలో పెట్టి నవ్వమంటే యెట్ల నవ్వుతారు? నా బిడ్డకు జొరమొచ్చి ఉప్పు తిప్పితే నన్ను అరుగు మీద నిలబెడితివి. దయ్యం లేదంటివి. లేని దయ్యానికి నిన్న పండగ ఏంటికి చేస్తివి? మీరు ఆడుకుంటే ఆట, మేము భయపడితే పాపమా? ఆకలైనోడు ఏం పెట్టినా తింటాడనుకున్యావా? వాళ్ళు మనుసులు కాదా?"

ఇంత వేగంగా, ఈ యాసలో వచ్చిన మాటలు దొరసానమ్మకు సగం కూడా అందలేదు. నావైపు తిరిగి, "ఏమనుచున్నది?" అని అడిగింది. నేను చెప్పాను. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్క మాట వదలకుండా చెప్పాను. నా బతుకులో అంత ఇష్టంగా చేసిన అనువాదం ఇంకొకటి లేదు. మరుసటి ఏడు నన్ను నల్లమాడ వైపు ఒక చిన్న బడికి మార్చారు. మార్చుకోనీ.

ఆ సాయంత్రానికే కాంపౌండంతా ఒక మాట పాకింది. దొరసానమ్మకు కోపం లేదు. ఆమె క్షమించేసింది. ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ వంటమనిషి తప్పయిందని ఒక్క మాట అంటే చాలు, పనీ ఉంటుంది, పిల్ల సీటూ ఉంటుంది. అందరూ వంటింటికి పోయి నచ్చజెప్పారు. ఒక్క మాటేగా అన్నారు. పిల్ల ముఖం చూడమన్నారు. ఆదివారం వచ్చింది. ఆమె చివరి బెంచీలో కూచుంది. పాట అయింది, వాక్యం అయింది, అందరూ మెడలు తిప్పి చూశారు. ఆమె లేవలేదు. ఆ వారంలోనే కూతురు నెత్తిన రేకు పెట్టె, తల్లి చేతిలో మూట, ఇద్దరూ గేటు దాటి పోయారు. "పొగరు. బిడ్డ బతుకు కాల్చుకునింది" అని ఏళ్ళ తరబడి కాంపౌండులో చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ కాంపౌండుకే ఆమె శాంతమూర్తి అయింది, చూడండి.

చాలా ఏళ్ళ తర్వాత పామిడిలో మళ్ళీ చూశాను. గుత్తికి పోయే బస్సు అక్కడ ఆగింది. రోడ్డు పక్క బోదగడ్డి కప్పిన కొట్టంలోంచి ఒక గొంతు. "ఏమప్పా, మిరపకాయ పక్కన తీసి పెడతాండావు, అది ఏంటికి ఏసినారనుకుంటివి?" నేను సంచీ బస్సులోనే వదిలేసి దిగాను.

బొరుగుల ఉగ్గానీ, బజ్జీలూ అమ్ముతోంది. జుట్టు తెల్లబడింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "టీచరమ్మా! ఇంత సన్నబడినావేం, నిన్ను నల్లమాడకు తోసినారంటనే, ఆడ గంజి గూడా పుట్టలేదా?" అంది. బెంచీ మీదున్న ఇద్దరు మనుషుల్ని లేపేసి నన్ను కూచోబెట్టింది. వెనక కూతురు పళ్ళాలు కడుగుతోంది. మెడలో తాళి, పక్కన పట్టా మీద బిడ్డ. నన్ను చూసి నవ్వింది, ఏడో క్లాసులో నవ్వినట్టే. చేతులు తుడుచుకుని బజ్జీలు కట్టడానికి పాత పేపరు చింపింది. చింపిన ముక్కను కట్టకుండా, ముందు అటూ ఇటూ తిప్పి చదివింది. బజ్జీల కోసం నిలబడ్డ మనిషి గొణుగుతున్నాడు. తల్లి అతన్ని తిట్టింది కాని కూతుర్ని తొందరపెట్టలేదు. ఆ పిల్ల చదవడం అయ్యేదాకా జల్లిగరిటె గాల్లో పట్టుకుని నిలబడింది. పొట్లం కట్టిచ్చి ఆ పిల్ల మళ్ళీ పళ్ళాల దగ్గరికి పోయింది.

ఆ చదవడం చూశాక నేను ఊరుకోలేకపోయాను. నాకు ఎవరి మీద కోపమో కూడా తెలియలేదు. "అక్కా, ఆ పొద్దు ఒక్క మాట తప్పయిందని అనింటే, ఈ పిల్ల ఈ పొద్దుకు నర్సయ్యుండేది కదా" అన్నాను.

కొంగు నడుముకు చెక్కుతుందనుకున్నాను. చెక్కలేదు. నూనెలో బజ్జీలు తిప్పుతూ, తల ఎత్తకుండా, "చెప్పినా" అంది.

"ఎప్పుడు?"

"సోమవారం. ఎవురూ లేనప్పుడు బంగళాకు పోయినా. తప్పయిందమ్మా, నోరు జారినా, బిడ్డను మటుకు తీసేయొద్దని కాళ్ళ మీద పడినా. లేపింది. కండ్లనీళ్ళు పెట్టుకునింది. నిన్నెప్పుడో క్షమించినానమ్మా అనింది. అందరి ముందర చెప్పకపోతివి, ఇప్పుడు నిన్ను ఉంచుకుంటే కడమ పనోళ్ళు చెడిపోతారనింది. సీటు ఇంకో పిల్లకు ఇచ్చేసినామనింది." బజ్జీలు తీసి గంపలో వేసింది. "వేళ్ళు పగలగొట్టినందుకు ఒక్క పొద్దన్నా బాధపడలే నేను. తిట్టినందుకూ బాధపడలే. తప్పు చెయ్యకుండా తప్పయిందని చెప్పినా చూడు, అది ఈ పొద్దుకూ మింగుడు పడలే."

వెనక పళ్ళాల చప్పుడు ఆగిపోయింది. కూతురు తడి చేతులతో లేచి నిలబడింది. ఈ సంగతి ఆమె కూడా అప్పుడే వింటోందని నాకు అర్థమైంది.

"నాకేంటికి చెప్పలేదమ్మా?" అంది. "నా సదువు కంటే నీకు నీ రోసమే ఎక్కువాయెనని ఇన్నేండ్లు నిన్ను తిట్టుకుంటానే ఉంటినే."

తల్లి ఇంకో వాయి పిండి నూనెలోకి జారవిడిచింది.

"తిట్టుకుంటే తిట్టుకున్యావులే" అంది. "మీయమ్మ వాళ్ళ కాళ్ళ మీద పడిందని నీకు తెలిసేదానికన్నా అదే మేలనుకున్యా."